లద్దాఖ్ బైక్ ట్రిప్ ఫుటేజీకి ఒక్క హార్డ్ డిస్క్ సరిపోతుందా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది ఖమ్మం. జూన్‌లో ముగ్గురు స్నేహితులం మనాలి నుంచి బైకుల మీద లేహ్ వెళ్తున్నాం. అక్కణ్నుంచి నుబ్రా, పాంగాంగ్ చూసి వెనక్కి వస్తాం. మొత్తం పన్నెండు రోజులు. గోప్రో, చిన్న డ్రోన్, మా బావ ఇచ్చిన మిర్రర్‌లెస్ కెమెరా ఉన్నాయి. తిరిగొచ్చాక వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెట్టాలని మా కోరిక. పోయిన డిసెంబర్‌లో అరకు వెళ్లినప్పుడు ఖాళీ కార్డే అనుకుని మావాడొకడు ఫార్మాట్ కొట్టేశాడు. వంజంగి కొండ మీద పొద్దున్నే తీసిన మేఘాలన్నీ పోయాయి. ఈసారి అలా కాకూడదని 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్ కొన్నాను. రోజూ రాత్రి కార్డులన్నీ అందులోకి ఎక్కించి, కార్డులు ఖాళీ చేసుకుని, పొద్దున్నే మళ్లీ వాడుకుందామని ప్లాన్. హార్డ్ డిస్క్ చాలా, ఎస్‌ఎస్‌డీనే కొనాలా? ల్యాప్‌టాప్ మోయాలా, ఫోన్‌తో పని అయిపోతుందా? బడ్జెట్ తక్కువ. ఆ అరకు కార్డు ఇంకా నా దగ్గరే ఉంది, దాన్నేమైనా చేయొచ్చా?
(పేరు రాయవద్దన్న పాఠకుడు, ఖమ్మం)

సమాధానం: మీ ప్లాన్‌లో ఒక్క ముక్క తప్ప మిగతాదంతా బాగుంది. "కార్డులు ఖాళీ చేసుకుని" అన్నారు చూడండి, ప్రమాదమంతా అక్కడే ఉంది. కార్డులో ఉన్నది డిస్కులోకి ఎక్కించాక మీ దగ్గర రెండు కాపీలు ఉంటాయి. కార్డు ఫార్మాట్ చేసిన మరుక్షణం మళ్లీ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు మీ డిస్కును బ్యాకప్ అనలేం, అసలు కాపీ అదే అయిపోతుంది. అది చేయిజారి కింద పడినా, వాగు దాటేటప్పుడు తడిసినా, బ్యాగుతో సహా ఎవరైనా ఎత్తుకుపోయినా మళ్లీ అరకు కథే. కాకపోతే అప్పుడు పోయింది ఒక్క పొద్దుటి ఫుటేజీ, ఈసారి మొత్తం ట్రిప్పే పోతుంది.

ఫొటోగ్రఫీ చేసేవాళ్లంతా 3-2-1 అని ఒక లెక్క చెప్పుకుంటారు. దాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్. మూడు కాపీలు ఉండాలి, అవి రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. కొండల మధ్య ముగ్గురు కుర్రాళ్లకు ఇది అక్షరాలా కుదరదు. దాన్ని మీకు సరిపడా కుదిస్తే ఇలా చెప్పొచ్చు: ఏ క్లిప్పయినా ఎప్పుడూ కనీసం రెండు వేర్వేరు వస్తువుల మీద ఉండాలి, ఆ రెండూ ఒకే బ్యాగులో ఉండకూడదు. కింద చెప్పేదంతా ఈ మాట నిలబెట్టుకోవడం కోసమే.

ముందు మీరు కొన్న హార్డ్ డిస్క్ సంగతి తేల్చుకుందాం. మామూలు ఊళ్లకు వెళ్తున్నానని రాసుంటే "జాగ్రత్తగా వాడుకోండి" అని ఊరుకునేవాణ్ని. మీరు వెళ్లేది లద్దాఖ్‌కి, అక్కడ దాన్ని నమ్ముకోవద్దు.

కారణం ఎత్తు. హార్డ్ డిస్క్ లోపల పళ్లెంలాంటి బిళ్ల గిర్రున తిరుగుతుంటుంది. దాని మీద డేటాను చదివే, రాసే హెడ్ ఆ బిళ్లను తాకదు. తిరుగుడుకి పుట్టే పల్చటి గాలి పొర మీద, కంటికి కనిపించనంత తక్కువ ఎత్తులో తేలుతుంటుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది, హెడ్‌ను మోసే పొర కూడా పల్చబడుతుంది. హెడ్ బిళ్లకు తగిలిందంటే గీతలు పడతాయి, డేటా పోతుంది. అందుకే చాలా పోర్టబుల్ హార్డ్ డిస్కుల స్పెసిఫికేషన్ కాగితంలో పనిచేసే గరిష్ఠ ఎత్తు సుమారు 3,050 మీటర్లు, అంటే 10,000 అడుగులు అని రాసి ఉంటుంది. మనాలి 2,050 మీటర్ల దగ్గర ఉంటుంది, అక్కడ ఇబ్బంది లేదు. అటల్ టన్నెల్ దాటి కేలాంగ్ చేరేసరికే మీరు ఆ గీత మీద ఉంటారు. లేహ్ ఊరే 3,500 మీటర్లు. సర్చు, పాంగాంగ్ రెండూ 4,200 పైమాటే. అంటే మీరు రాత్రిళ్లు కాపీ చేద్దామనుకున్న చోట్లలో దాదాపు అన్నీ ఆ డిస్కు హద్దుకు బయటే.

"మా ఫ్రెండ్ లేహ్‌లో హార్డ్ డిస్కే వాడాడు, ఏమీ కాలేదు" అని ఎవరో ఒకరు మీకు చెప్తారు. నిజమే అయ్యుంటుంది. 3,050 దాటిన మరుమీటరులో ఏ డిస్కూ చచ్చిపోదు. కానీ మళ్లీ తీయలేని ఫుటేజీని, తయారుచేసినవాళ్లే వద్దన్న పరిస్థితిలో నడిపి చూడటం దేనికి? ఆఫ్ చేసి ఉన్న డిస్కుకు మాత్రం ఈ ఎత్తుతో భయం లేదు. పనిచేయకుండా ఉన్నప్పుడు 12,000 మీటర్ల దాకా తట్టుకుంటాయని ఆ కాగితాల్లోనే ఉంటుంది. మీ హార్డ్ డిస్క్ డబ్బులు వృథా అయిపోయాయని బాధపడకండి, దాన్ని ఇంట్లోనే ఉంచండి. తిరిగొచ్చాక దానికి పెద్ద పనే ఉంది.

దారికి ఎస్‌ఎస్‌డీ తీసుకెళ్లండి, అంటే డేటాను చిప్పుల్లో దాచుకునే డ్రైవ్. అందులో తిరిగే భాగమంటూ లేదు కాబట్టి పల్చటి గాలితోనూ, బైకు కుదుపులతోనూ దానికి పేచీ లేదు. అయితే ఎంత సైజుది, ఎన్ని? దీనికి కాస్త లెక్క వేయాలి.

4కే వీడియోను 100 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో (సెకనుకు 100 మెగాబిట్లు, అంటే 12.5 ఎంబీ) తీస్తే నిమిషానికి 750 ఎంబీ, గంటకు 45 జీబీ అవుతుంది. గోప్రో, మీ మిర్రర్‌లెస్ దాదాపు ఆ లెక్కలోనే ఉంటాయి. డ్రోన్ 150 ఎంబీపీఎస్‌తో తీసే రకమైతే నిమిషానికి 1.1 జీబీ పైచిలుకు. రోజుకు గోప్రోతో గంట, కెమెరాతో గంట, డ్రోన్‌తో ఇరవై నిమిషాలు తీశారనుకుందాం. రోజుకు 112 జీబీ, పన్నెండు రోజులకు 1,344 జీబీ. ఇంత ఫుటేజీని రెండు కాపీలుగా దాచాలంటే 2 టీబీ ఎస్‌ఎస్‌డీలు రెండు కావాలి. మీ బడ్జెట్‌కు అది బరువే.

కాబట్టి తీయడం దగ్గరే కొంచెం చెయ్యి బిగించండి. హెల్మెట్ మీద గోప్రోను గంటలకొద్దీ ఆన్‌లో వదిలేయడం చాలామందికి అలవాటు. తర్వాత ఎడిటింగ్‌లో కూర్చుంటే ముందు పోయే లారీ వెనక భాగమే నలభై నిమిషాలు కనిపిస్తుంది. మలుపు వచ్చినప్పుడు, కనుమ ఎక్కేటప్పుడు, వాగు దాటేటప్పుడు ఆన్ చేయండి. రోజుకు గోప్రో 40 నిమిషాలు, కెమెరా 40 నిమిషాలు, డ్రోన్ 10 నిమిషాలు అనుకుంటే 71 జీబీ వస్తుంది. పన్నెండు రోజులకు సుమారు 850 జీబీ. ఇది 1 టీబీ డ్రైవ్‌లో పట్టేస్తుంది. (డ్రోన్ అనుమతుల సంగతి మాత్రం బయల్దేరే ముందే కనుక్కోండి. అది సరిహద్దు ప్రాంతం, ఎక్కడంటే అక్కడ ఎగరేయనివ్వరు.)

అందుకని నా సలహా: 2 టీబీది ఒకటి కాకుండా, 1 టీబీ ఎస్‌ఎస్‌డీలు రెండు కొనండి. ముగ్గురూ పంచుకుంటే ఖర్చు మోయగలిగేదే. ఒక్క పెద్ద డ్రైవ్ పోతే అంతా పోతుంది. రెండు చిన్నవాటిలో ఒకటి పోతే రెండోది ఉంటుంది. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ కాకుండా చూసుకుంటే ఇంకా మంచిది. 2023లో ఒక పేరున్న కంపెనీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీల్లో ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) లోపం బయటపడి చాలామంది ఫైళ్లు పోగొట్టుకున్నారు. అలాంటి లోపం ఉంటే ఒకే మోడల్ డ్రైవ్‌లు రెండింటిలోనూ ఉంటుంది.

రెండో ఎస్‌ఎస్‌డీకి డబ్బు కుదరకపోతే ఆ పాత్ర కార్డులకే ఇవ్వండి. ఒక ఎస్‌ఎస్‌డీ కొని, ట్రిప్పు మొత్తంలో ఏ కార్డునూ ఫార్మాట్ చేయనక్కర్లేనన్ని కార్డులు పెట్టుకోండి. 128 జీబీ కార్డులో 100 ఎంబీపీఎస్ వీడియో రెండు ముప్పావు గంటలు పడుతుంది, అంటే మొత్తం మీద ఏడెనిమిది కార్డులు. ఇంట్లో ఉన్నవి, బావ కెమెరాతో పాటు వచ్చినవి కలుపుకుంటే కొత్తగా కొనాల్సినవి అంతకన్నా తక్కువే ఉండొచ్చు. నిండిన కార్డు ఇంటికొచ్చేదాకా నిండుగానే ఉంటుంది, దాని కాపీ ఎస్‌ఎస్‌డీలో ఉంటుంది. ఇది రెండు ఎస్‌ఎస్‌డీల పద్ధతి కన్నా తక్కువేమీ కాదు. ఎవరూ ఫార్మాట్ బటన్ జోలికే పోరు కాబట్టి మీ అరకు అనుభవానికి ఇదే సరైన విరుగుడని కూడా నేనంటాను.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఆన్‌లైన్‌లో "16 టీబీ ఎస్‌ఎస్‌డీ" అని వెయ్యీ రెండువేలకు కనిపించేవి నకిలీవి. పైన అల్యూమినియం డబ్బా ఉంటుంది, లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, కంప్యూటర్‌కు 16 టీబీ అని అబద్ధం చెప్పేలా చేస్తారు. అందులోకి కాపీ చేస్తుంటే అంతా ఎక్కుతున్నట్టే కనిపిస్తుంది. అసలు సామర్థ్యం దాటాక ఎక్కేది ఒట్టి చెత్త, కొన్నిటిలో పాత ఫైళ్ల మీదే కొత్తవి రాసుకుపోతాయి. ఇంటికొచ్చి ఫైలు తెరిచేదాకా తెలియదు. మెమరీ కార్డుల్లోనూ ఈ మోసం ఉంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ డ్రైవ్ మొత్తాన్ని నింపి, మళ్లీ చదివి, చెప్పిన సైజు నిజమో కాదో తేలుస్తుంది. కొన్న ప్రతి కార్డునూ, డ్రైవ్‌నూ ఖాళీగా ఉన్నప్పుడే దానితో ఒకసారి పరీక్షించండి. గంటలు పట్టొచ్చు, పట్టనివ్వండి.

ఎస్‌ఎస్‌డీని ఎక్స్‌ఫ్యాట్ (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే ఒక పద్ధతి)లో ఫార్మాట్ చేసుకోండి. విండోస్, మ్యాక్‌తో పాటు ఇప్పటి ఫోన్లలో చాలావరకు దాన్ని చదువుతాయి, రాస్తాయి. మీ ఫోన్లు చదువుతున్నాయో లేదో ముందే పెట్టి చూసుకోండి. పాత ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌కూ ఒక బలహీనత ఉంది. రాస్తుండగా మధ్యలో పీకేస్తే సర్దుకునే ఏర్పాటు అందులో లేదు, ఫోల్డర్లే దెబ్బతినొచ్చు. అందుకని ఎంత నిద్ర ముంచుకొస్తున్నా "ఎజెక్ట్" నొక్కి, తీయొచ్చని చెప్పాకే కేబుల్ తీయండి.

ఇక ల్యాప్‌టాప్ మోయాలా అన్నారు. ముగ్గురు వెళ్తున్నారు కాబట్టి ఒక పాత, తేలిక ల్యాప్‌టాప్ తీసుకెళ్లమనే చెప్తాను. ఫోన్‌తో పని కాక కాదు. టైప్-సీ హబ్ ఒకటి పెట్టి, దానికి కార్డు రీడర్‌నూ ఎస్‌ఎస్‌డీనూ తగిలించి, ఫైల్స్ యాప్‌లో కాపీ కొట్టొచ్చు. ఇబ్బంది వేగం దగ్గర వస్తుంది. మధ్యరకం ధర ఫోన్లలో చాలావాటికి టైప్-సీ రంధ్రం ఉన్నా లోపల ఉండేది పాత యూఎస్‌బీ 2.0 వేగమే. ఐఫోన్ 15, 16ల్లో మామూలు మోడళ్లదీ అదే పరిస్థితి. యూఎస్‌బీ 2.0లో సెకనుకు 35, 40 ఎంబీ మించి పోదు. పైగా కార్డు నుంచి చదవడం, ఎస్‌ఎస్‌డీకి రాయడం రెండూ ఆ ఒక్క తీగ మీదే జరగాలి, కాబట్టి చేతికి దక్కేది అందులో సగం. 71 జీబీకి గంట పైనే పడుతుంది, రెండు ఎస్‌ఎస్‌డీలకు రెండు గంటలు దాటిపోతుంది. అదే యూఎస్‌బీ 3 ఉన్న ల్యాప్‌టాప్‌లో మామూలు కార్డు సెకనుకు 90 ఎంబీ దాకా ఇస్తుంది, పావుగంటలో ఒక కాపీ అయిపోతుంది.

లేహ్ దాటాక చాలా క్యాంపుల్లో సాయంత్రం కొన్ని గంటలే కరెంటు ఇస్తారు. రోజంతా బైకు నడిపి వచ్చి, చలిలో, ఆ కొద్ది గంటల్లో మూడు కెమెరాల బ్యాటరీలు, ఫోన్లు, పవర్ బ్యాంకులు ఛార్జింగ్ పెట్టుకుంటూ రెండు గంటలు ఫోన్ తెర ఆరిపోకుండా చూస్తూ కూర్చోవడం కష్టం. ఫోన్‌లో ఇంకో చిక్కు ఏమిటంటే, తెర ఆరిపోతేనో, బ్యాటరీ సేవర్ పడితేనో కొన్ని ఫోన్లు కాపీని మధ్యలో ఆపేస్తాయి, సరిగ్గా చెప్పవు కూడా. ఫోనే దిక్కయితే హబ్‌కు ఛార్జర్ కూడా తగిలించే రకం కొనండి, బ్యాటరీ సేవర్ తీసేయండి, తెర ఆరకుండా పెట్టండి.

కేబుల్ విషయంలోనూ చాలామంది దెబ్బతింటారు. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే రెండువైపులా టైప్-సీ ఉండే తీగ చూడటానికి ఎస్‌ఎస్‌డీ తీగలాగే ఉంటుంది. కానీ చాలావాటి వేగం యూఎస్‌బీ 2.0దే. ఎస్‌ఎస్‌డీతో వచ్చిన కేబుల్‌కు రంగు టేపు చుట్టి పెట్టుకోండి. ఒకటి విడిగా అదనంగా ఉంచుకోండి, ఆ దారిలో దుకాణంలో దొరుకుతుందన్న ఆశ లేదు.

రాత్రి కాపీ చేసేటప్పుడు జరిగే ఒక పొరపాటును మాత్రం వివరంగా చెప్పాలి. ఇది ఫార్మాట్ కన్నా ప్రమాదకరం, ఎందుకంటే జరిగినట్టే తెలియదు. కెమెరాలు క్లిప్పులకు వరుసగా పేర్లు పెడతాయి. సోనీ మిర్రర్‌లెస్ అయితే మొదటి క్లిప్పు సీ0001, తర్వాత సీ0002, అలా. సెట్టింగ్‌లో నంబరు వరస "రీసెట్" మీద ఉంటే కార్డు మార్చినప్పుడో ఫార్మాట్ చేసినప్పుడో మళ్లీ సీ0001 నుంచే మొదలవుతుంది. సోమవారం సర్చులో తీసిన సీ0001, బుధవారం నుబ్రాలో తీసిన సీ0001 రెండూ ఒకే పేరుతో ఉంటాయి. ఎస్‌ఎస్‌డీలో "కెమెరా" అని ఒకే ఫోల్డర్ పెట్టుకుని రోజూ అందులోకే వేస్తుంటే, బుధవారం రాత్రి తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: ఇదే పేరుతో ఫైలు ఉంది, రీప్లేస్ చేయమంటారా? నిద్రమత్తులో ఎవరో ఒకరు "ఎస్" కొడతారు. సర్చు పోయింది. ఫైళ్ల సంఖ్య సరిగ్గానే కనిపిస్తుంది, సైజు కూడా ఇంచుమించు సరిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు.

అందుకని ప్రతి కార్డుకు, ప్రతి రోజుకు విడి ఫోల్డర్ పెట్టండి. తేదీ, కెమెరా పేరు, కార్డు నంబరు ఉంటే చాలు. తేదీని నెల ముందు, రోజు తర్వాత రాస్తే ఫోల్డర్లు వాటంతటవే వరుసలో కూర్చుంటాయి. కార్డుల మీద సన్న మార్కర్‌తో 1, 2, 3 అని ముందే రాసుకోండి. కార్డులోంచి కావాల్సిన క్లిప్పులే ఏరి తీసుకోవద్దు, మొత్తం కార్డును ఉన్నదున్నట్టు కాపీ చేయండి. కొన్ని కెమెరాల్లో వీడియో పక్కనే చిన్న సమాచార ఫైళ్లు ఉంటాయి, ఎడిటింగ్‌లో పనికొస్తాయి. గోప్రో పెద్ద రికార్డింగును ముక్కలుగా చేసి దాస్తుంది. జీఎక్స్010034, జీఎక్స్020034 అని ఉంటే అవి 34వ రికార్డింగులో మొదటి, రెండో ముక్కలు. ఇది తెలియక పేరు వరస కుదరలేదని ఒక ముక్కను వదిలేసేవాళ్లున్నారు.

"రీప్లేస్" అని ఎప్పుడు కనిపించినా చెయ్యి ఆపి, ముగ్గురిలో ఇంకొకరిని పిలిచి చూపించండి. కట్-పేస్ట్ అసలు చేయొద్దు, ఎప్పుడూ కాపీనే. కట్ చేస్తుండగా కేబుల్ కదిలితే కొంత అటు, కొంత ఇటు మిగిలి, మధ్యలో ఉన్న ఫైలు రెండు చోట్లా లేకుండా పోవచ్చు. రెండో ఎస్‌ఎస్‌డీకి చేసేటప్పుడు కూడా మొదటి ఎస్‌ఎస్‌డీ నుంచి కాకుండా మళ్లీ కార్డు నుంచే చేయండి. మొదటి కాపీలో ఏదైనా తప్పు దొర్లితే అది రెండోదానికి పాకకుండా ఉంటుంది.

కాపీ అయ్యాక సరిచూడటం ఐదు నిమిషాల పని, దాన్ని వదలొద్దు. విండోస్‌లో అయితే టెరాకాపీ అనే ప్రోగ్రామ్ ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. అందులో వెరిఫై పెట్టుకుంటే కాపీ అయిన ప్రతి ఫైలునూ మళ్లీ చదివి అసలుతో పోలుస్తుంది. అది లేకపోతే కార్డు ఫోల్డర్‌నూ ఎస్‌ఎస్‌డీ ఫోల్డర్‌నూ రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. ఫైళ్ల సంఖ్య, "సైజ్" ఎదురుగా ఉండే బైట్ల అంకె, చివరి అంకె దాకా ఒకటే ఉండాలి. కింద "సైజ్ ఆన్ డిస్క్" అని ఇంకో అంకె ఉంటుంది. అది డ్రైవ్‌ను బట్టి మారుతుంది, దాన్ని చూసి కంగారు పడకండి. ఫోన్‌లో అయితే సంఖ్య, మొత్తం సైజు చూసి, ఎస్‌ఎస్‌డీలోంచే మొదటి క్లిప్పు, చివరి క్లిప్పు, అన్నిటికన్నా పొడవైన క్లిప్పు తెరిచి, చివరి దాకా జరిపి చూడండి.

నిండిన కార్డు విషయంలో మీ ముగ్గురికీ ఒకే పద్ధతి ఉండాలి. కార్డుల డబ్బాలో ఖాళీవి లేబుల్ పైకి, నిండినవి లేబుల్ కిందికి పెట్టండి. ఎస్‌డీ కార్డు పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది, నిండగానే కిందికి జరపండి. అప్పుడు కెమెరా దాన్ని ఫార్మాట్ చేయదు. మైక్రో ఎస్‌డీకి ఆ సదుపాయం లేదు కాబట్టి నిండినవాటిని వేరే డబ్బాలోనే పెట్టాలి. ఫార్మాట్ చేసే అధికారం ముగ్గురిలో ఒక్కరికే ఉండాలి, అది కూడా రెండు ఎస్‌ఎస్‌డీల్లో సరిచూసుకున్న తర్వాతే. కార్డులు మిగిలి ఉంటే ఆ పని కూడా వద్దు.

పగలు ఒక ఎస్‌ఎస్‌డీ మీ దగ్గర, రెండోది మీ స్నేహితుడి దగ్గర, కార్డుల డబ్బా మూడో అతని దగ్గర ఉండాలి. బైకు వెనక కట్టే బ్యాగులో వద్దు, ఒంటి మీద ఉండే చిన్న సంచిలో పెట్టుకోండి. మనాలి–లేహ్ దారిలో మధ్యాహ్నానికి మంచు కరిగి వాగులు పొంగుతాయి, కాబట్టి ఒక్కోదాన్ని జిప్ కవర్లో వేసి లోపల ఒక సిలికా జెల్ పొట్లం పడేయండి. రాత్రి చలికి కెమెరా బ్యాటరీలతో పాటు ఎస్‌ఎస్‌డీని కూడా రగ్గులో పెట్టుకోండి. గడ్డకట్టే చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన వెంటనే ఏదీ ఆన్ చేయొద్దు. కవర్లోనే కాసేపు ఉంచితే లోపల చెమ్మ పట్టదు.

క్లౌడ్ గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ దొరికినా 71 జీబీ ఎక్కడానికి దాదాపు 16 గంటలు కావాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, ముగ్గురిలో ఒకరైనా పోస్ట్‌పెయిడ్ పెట్టుకోండి. దానితోనో లేహ్ హోటల్ వైఫైతోనో, పోతే గుండె ఆగుతుందనిపించే నాలుగైదు క్లిప్పుల్ని మాత్రం పంపుకోండి. ఆ మాత్రానికి అది పనికొస్తుంది.

ఇక ఆ అరకు కార్డు. దాన్ని అలాగే ఉంచడం మంచి పని చేశారు. పోయిన ఫుటేజీ తిరిగి వస్తుందా లేదా అన్నది, ఫార్మాట్ కొట్టాక ఆ కార్డుతో ఎంత తీశారన్నదాన్ని బట్టే ఉంటుంది. మామూలుగా ఫార్మాట్ అంటే కెమెరా ఫైళ్ల జాబితానే చెరిపేస్తుంది, ఫైళ్లు వెంటనే చెరిగిపోవు. వాటి మీద కొత్తవి రాసినప్పుడే పోతాయి. ఆ తర్వాత ట్రిప్పంతా దాన్నే వాడి ఉంటే ఆశ పెట్టుకోకండి. వెంటనే తీసి పక్కన పెట్టి ఉంటే ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ప్రయత్నించండి. దొరికిన ఫైళ్లను అదే కార్డులోకి కాకుండా కంప్యూటర్‌లోకి రాయించండి. ఒక మాట ముందే చెప్తున్నా: అది గోప్రో కార్డయితే ఫైలు దొరికినా వీడియో ఆడకపోవచ్చు. గోప్రో అసలు వీడియోతో పాటు చిన్న ప్రివ్యూ వీడియోను కూడా ఒకేసారి రాస్తుంది, రెండింటి ముక్కలూ కార్డు మీద కలగలిసి ఉంటాయి. వాటిని విడదీయడం మామూలు ప్రోగ్రాములకు కష్టం. మిర్రర్‌లెస్ కార్డయితే అవకాశం ఎక్కువ. ఈ ట్రిప్పులో పొరపాటున అలా ఏదైనా జరిగితే మాత్రం ఆ క్షణం నుంచి ఆ కార్డుతో ఒక్క ఫొటో కూడా తీయకుండా పక్కన పెట్టేయండి. ఎస్‌ఎస్‌డీలో చెరిపినవి చాలాసార్లు ఇలా తిరిగి రావు, ఎందుకంటే ఖాళీ అయిన చోటును ఎస్‌ఎస్‌డీ తనంతట తనే తుడిచేసుకుంటుంది. అందుకే "స్థలం చాలట్లేదు, కొన్ని తీసేద్దాం" అని దారిలో ఎస్‌ఎస్‌డీ నుంచి దేన్నీ డిలీట్ చేయకండి.

బయల్దేరే ముందు ఒక ఆదివారం లకారం చెరువు దగ్గరకు వెళ్లి, మూడు కెమెరాలతోనూ అరగంట చొప్పున తీయండి. ఆ రాత్రి గదిలో ఫ్యాన్ కింద హాయిగా కూర్చుని కాకుండా, ఒక్క ప్లగ్ పాయింట్‌తో, టార్చి వెలుగులో మొత్తం కాపీ, సరిచూడటం చేసి చూడండి. ఏ కేబుల్ తక్కువైందో, ఏ ఫోన్ ఎక్స్‌ఫ్యాట్ చదవట్లేదో, ఎవరు రీప్లేస్ కొడుతున్నారో అక్కడే తెలిసిపోతుంది.

వచ్చేటప్పుడు విమానమైతే ఎస్‌ఎస్‌డీలు, కార్డులు చేతి బ్యాగులోనే పెట్టుకోండి. పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు ఎలాగూ చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు. ఎక్స్‌రే మెషీన్ వల్ల కార్డులకు, డ్రైవ్‌లకు ఏమీ కాదు, ఆ భయం వద్దు. ఖమ్మం చేరాక మీ హార్డ్ డిస్క్‌ను బయటకు తీయండి. ఒక ఎస్‌ఎస్‌డీలో ఉన్నదంతా అందులోకి ఎక్కించి, సరిచూసి, దాన్ని మీ ఇంట్లో కాకుండా బావ ఇంట్లో పెట్టండి. ఎడిటింగ్ ఒక ఎస్‌ఎస్‌డీ మీద చేసుకోండి, రెండోదాన్ని వీడియోలన్నీ యూట్యూబ్‌లోకి ఎక్కేదాకా ముట్టుకోకండి. ఇదంతా అయ్యాక కార్డుల్ని కంప్యూటర్‌లో కాకుండా ఏ కెమెరాలో వాడతారో అందులోనే పెట్టి ఫార్మాట్ చేసి, బావ కార్డులు బావకు ఇచ్చేయండి.